సర్వర్ పంపే మెయిల్‌కి ఈ డొమైన్ ఎక్కడి నుంచి వస్తోంది?

మారతహళ్లి_లినక్స్:
మాది బెంగళూరు మారతహళ్లిలో చిన్న ఆఫీసు. పోయిన వారం కొత్త ఉబుంటు సర్వర్‌కి మారి, మెయిల్ పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ పెట్టుకున్నాం. అప్పటి నుంచి కస్టమర్లకు పంపే ఇన్‌వాయిస్‌లన్నీ స్పామ్‌లో పడుతున్నాయి. ఫ్రమ్‌లో మా డొమైనే ఉంది. జీమెయిల్‌లో షో ఒరిజినల్ తెరిస్తే రిటర్న్ పాత్‌లో (మెయిల్ చేరకపోతే తిరిగొచ్చే చిరునామాలో) మాత్రం వెబ్ సర్వర్ యూజర్ పేరు, పక్కన మెషీన్ పేరు కనిపిస్తున్నాయి. నెలాఖరు కదా, బిల్లు చేరకపోతే డబ్బు రాదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎవరికైనా ఇలా జరిగిందా అండీ?

కోరమంగళ_అడ్మిన్:
మాకూ జరిగింది. వెబ్‌సైట్ కోడ్ రాసే పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ వాడుతున్నారా? విడిగా చెప్పకపోతే, ఆ ప్రోగ్రామ్ ఏ యూజర్ కింద నడుస్తోందో ఆ పేరుతోనే మెయిల్ పోస్ట్‌ఫిక్స్‌కి చేరుతుంది. పేరుకి డొమైన్ లేకపోతే పోస్ట్‌ఫిక్స్ తన మైఆరిజిన్ అనే సెట్టింగ్ విలువను తగిలిస్తుంది. దానికి మామూలు డిఫాల్ట్ మైహోస్ట్‌నేమ్, అంటే మెషీన్ పూర్తి పేరు. డెబియన్, ఉబుంటుల్లో మాత్రం ఈటీసీ ఫోల్డర్‌లోని మెయిల్‌నేమ్ ఫైలు నుంచి తీసుకుంటుంది. ఇన్‌స్టాల్ అప్పుడు సిస్టమ్ మెయిల్ నేమ్ అని అడిగితే చదవకుండా ఎంటర్ కొట్టేస్తాం చూడండి, అదే.

వైట్‌ఫీల్డ్_మెయిల్:
మైఆరిజిన్ మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఉత్తరంలో సంతకం వేరు, కవరు మీద పంపినవారి చిరునామా వేరు. ఫ్రమ్ సంతకం లాంటిది, రిటర్న్ పాత్ కవరు మీది. ఎస్‌పీఎఫ్, అంటే ఆ డొమైన్ పేరుతో పంపే అనుమతి ఈ సర్వర్‌కి ఉందా అనే తనిఖీ, చూసేది కవరుని. కవరు మీద వేరే డొమైన్ ఉంటే ఎస్‌పీఎఫ్ పాసైనా డీమార్క్‌కి (ఇవి ఫ్రమ్ డొమైన్‌తో సరిపోలాయా అనే తనిఖీకి) పనికిరాదు, మీ డొమైన్‌తో డీకిమ్ అనే డిజిటల్ సంతకం ఉంటే తప్ప. అందుకని మెయిల్ ఫంక్షన్ ఐదో ఆర్గ్యుమెంట్‌లో మైనస్ ఎఫ్ పెట్టి మీ అడ్రస్ ఇవ్వండి.

ఇక హెలోలో, అంటే అవతలి సర్వర్‌కి పరిచయంలో, చెప్పే పేరు. అది మైహోస్ట్‌నేమ్ నుంచి వస్తుంది. మీ ఐపీ రివర్స్ రికార్డు (ఐపీ నుంచి పేరు చెప్పేది) కూడా ఆ పేరే చూపిస్తే మంచిది. ఆ రికార్డు మన డీఎన్‌ఎస్‌లో పెట్టేది కాదు, ఐపీ ఇచ్చినవాళ్లు పెట్టాలి. ఇది తెలియక నాకు ఒక రోజంతా పోయింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపేవాళ్లందరికీ రివర్స్ రికార్డు ఉండాలంటోంది. రోజుకు 5000 మెయిళ్లు దాటితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి.

హెచ్‌ఎస్‌ఆర్_నైట్‌షిఫ్ట్:
ఒక జాగ్రత్త. మీ మెయిల్‌బాక్సులు వేరేచోట ఉంటే మైడెస్టినేషన్‌లో (సర్వర్ తనవిగా తీసుకునే డొమైన్ల జాబితాలో) మీ డొమైన్ ఉండకూడదు. ఉంటే మీ స్టాఫ్‌కి వెళ్లాల్సిన మెయిల్‌ని సర్వర్ తనదే అనుకుని, యూజర్ లేడని తిప్పికొడుతుంది. మా ఆఫీసులో జీతాల స్లిప్పులు అలాగే ఆగిపోయాయి. ఎగ్జిమ్ అనే మరో మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు మైఆరిజిన్ బదులు క్వాలిఫై డొమైన్ చూసుకోండి.

మారతహళ్లి_లినక్స్:
మైడెస్టినేషన్‌లో నిజంగానే మా డొమైన్ ఉంది, తీసేశాను. మైనస్ ఎఫ్ పెట్టాక రిటర్న్ పాత్‌లో మా డొమైన్ వచ్చింది, ఎస్‌పీఎఫ్ పాస్. ఇందాక పంపిన రెండు బిల్లులూ ఇన్‌బాక్స్‌కే చేరాయి. రివర్స్ రికార్డు కోసం టికెట్ పెట్టాను. రేపు డీకిమ్ మొదలుపెడతాను. అందరికీ చాలా థాంక్సండీ.