రీఫ్ ట్యాంక్‌లో తుప్పు రంగు ఫ్లాట్‌వార్మ్స్ (చదునైన పురుగులు): ఈ రాత్రే మందు పోసేయనా?

వేణు (డాలస్)
అందరికీ నమస్కారం. మాది 40 గాలన్ల రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో పగడాలు, చేపలు పెంచే అక్వేరియం), పెట్టి రెండేళ్లు కావస్తోంది. క్లౌన్ చేపల జంట, ఒక మాండరిన్ చేప, పగడాల్లో జోవాంథిడ్స్, మష్రూమ్స్, ఒక హ్యామర్ కోరల్ ఉన్నాయి. నెల క్రితం వెనక అద్దం మీద నాలుగైదు తుప్పు చుక్కలు కనిపిస్తే నాచు అనుకున్నాను. సాయంత్రానికి ఆ చుక్కలు పక్కకి జరిగి ఉన్నాయి. ఇప్పుడు ఇసుక మీద ఇటుక పొడి చల్లినట్టుంది. మా పాప భూతద్దం పెట్టి చూస్తే ఒక్కోటీ బియ్యపు గింజలో సగం ఉంది, తోక చివర త్రిశూలంలా మూడు మొనలు. రెండు మష్రూమ్స్‌ని పూర్తిగా కప్పేశాయి, అవి విచ్చుకోవడం మానేశాయి. షాపులో సాలిఫర్ట్ వాళ్ల ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్ అనే మందు ఇచ్చారు. ఈ రాత్రే పోసేద్దామని ఉంది గానీ చేపలకేమవుతుందోనని టెన్షన్. వాడినవాళ్లు ఎవరైనా చెప్పండి.

శ్రీలక్ష్మి (షార్లెట్)
వేణు గారూ, దయచేసి ఈ రాత్రి పోయకండి. మూడు మొనల తోక, తుప్పు రంగు అంటే అవి రెడ్ ప్లనేరియా అని అందరూ పిలిచేవే. శాస్త్రీయంగా కన్వల్యూట్రిలోబా. వాటి ఒంట్లో విషం ఉంటుంది. బతికున్నంతసేపు అది వాటిలోనే ఉంటుంది, వేలకొద్దీ ఒకేసారి చస్తే మొత్తం నీళ్లలోకి వస్తుంది.

నాకు ఐదేళ్ల క్రితం 75 గాలన్ల ట్యాంక్‌లో ఇదే జరిగింది. ముందు పురుగుల్ని లాగేయాలని తెలిసీ, ఇన్ని ఎలా లాగుతాంలే అని నేరుగా మందు పోశాను. అరగంటలో పురుగులు ముడుచుకుని, రాళ్ల మీంచి ఊడి గాలికి తేలే పొట్టులా తిరిగాయి. అద్దం దగ్గర నీళ్లు నారింజ రంగుకి మారాయి. మా ఎల్లో ట్యాంగ్ చేప నీటి పైకొచ్చి మొప్పలు టపటపా కొట్టుకుంది. విషాన్ని పీల్చుకునే కార్బన్ పెట్టాను గానీ, మార్చడానికి ఉప్పునీళ్లు కలిపి ఉంచుకోలేదు. అప్పటికప్పుడు బకెట్లో ఉప్పు కలుపుతుంటే చేతులు వణికాయి. తెల్లారేసరికి ట్యాంగ్ రెండు రాళ్ల మధ్య పడుకుని ఉంది. నాలుగేళ్లు నా చేతి దగ్గరికొచ్చి నోరి షీట్ (ఎండిన సముద్రపు నాచు) తిన్న చేప అది. ఇప్పటికీ ఆ రాళ్లు అలా పేర్చలేను.

అందుకని పదిరోజులు ఓపిక పట్టండి. ఎయిర్‌లైన్ ట్యూబ్ (సన్నటి గొట్టం) ఒకటి తీసుకుని కొసన ఓ పుల్లకి కట్టండి, వంగకుండా ఉంటుంది. లైట్లు వెలిగిన రెండు మూడు గంటలకి మొదలుపెట్టండి. వాటి ఒంట్లో కాపురముండే నాచుకి వెలుతురు కావాలి కాబట్టి, అప్పుడు అవి పైకొచ్చి పరుచుకుంటాయి. రోజుకి ఇరవై నిమిషాలు, ఒక బకెట్ నీళ్లతోపాటు పురుగుల్ని లాగేయండి. తీసిన నీళ్లకి బదులు కొత్త ఉప్పునీళ్లు పోయండి. నీటి ప్రవాహం తక్కువున్న మూలల్లోనే గుంపు కడతాయి, అక్కడికి వేవ్‌మేకర్ (నీళ్లు కదిలించే పంపు) తిప్పండి.

కిరణ్ (హైదరాబాద్)
నాకూ జోవాంథిడ్స్ ముక్కతోనే వచ్చాయి. సిక్స్‌లైన్ రాస్ అనే చేపని తెచ్చి వేశాను, చాలావరకు తగ్గాయి. నీళ్లు పారబోయకుండా ట్యూబ్‌ని సంప్‌లో (ట్యాంక్ నీళ్లు శుభ్రమయ్యే రెండో తొట్టి) ఫిల్టర్ సాక్‌లోకి, అంటే నీళ్లు వడగట్టే సంచిలోకి పెడితే సరిపోతుంది కదా? ఎంతసేపైనా లాగొచ్చు.

శ్రీలక్ష్మి (షార్లెట్)
కిరణ్, సాక్‌లో పురుగులు నలుగుతాయి తమ్ముడూ. ఆ విషం నీళ్లతోపాటే మళ్లీ ట్యాంక్‌లోకి వస్తుంది. బకెట్లోకి తీసి పారబోయడమే మంచిది. సిక్స్‌లైన్ కొన్ని ఇళ్లలో తింటుంది, కొన్ని ఇళ్లలో కన్నెత్తి చూడదు. పైగా పెద్దయ్యాక కొత్త చేపల్ని బతకనివ్వదు. నీలి వెల్వెట్ స్లగ్ అనే సముద్రపు నత్త ఈ పురుగుల్ని తప్ప వేరే ఏదీ తినదు. అవి అయిపోయాక ఆకలితో చస్తుంది. అలాంటి ప్రాణిని తెచ్చిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

వేణు గారూ, మీ మాండరిన్ పొట్ట చూస్తుండండి. ఈ పురుగులు కోపీపాడ్స్‌ని (నీళ్లలో ఉండే చిన్న చిన్న జీవులు) కూడా తింటాయి, దాని తిండే అది.

మందు పోసే రోజు: కలిపి, వేడి సరిచేసిన ఉప్పునీళ్లు కనీసం 15 గాలన్లు సిద్ధం. పాత కార్బన్ తీసేసి, కడిగిన కొత్త కార్బన్ పక్కన పెట్టుకోండి. గాలి బుడగలు వదిలే గాలి రాయి నడుస్తుండాలి. సెలవురోజు పొద్దున్నే పోయండి, రాత్రి వద్దు. ఊడినవాటిని ఊడినట్టే లాగేయండి. చేప ఊపిరి మారిందనిపిస్తే ఆగకుండా కార్బన్, నీళ్ల మార్పు. వారం తర్వాత రెండోసారి పోయాలి. ఇవి ఒంటినుంచే మొగ్గ తొడిగి పిల్లలవుతాయి కాబట్టి ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలు.

వేణు (డాలస్)
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే పన్నెండు రోజులు లాగాను. మొదటిరోజు బకెట్ అడుగు కనపడలేదు, చివరి రోజు లెక్కపెడితే పదిహేడు. శనివారం పొద్దున మందు పోశాను, రాళ్ల కిందనుంచి ఇంకో పిడికెడు బయటికొచ్చాయి. క్లౌన్ చేపలు ఓ గంట మూలన నిలబడి, నీళ్లు మార్చాక మామూలైపోయాయి. నిన్న రెండో డోసు, ఒక్కటీ రాలేదు. పొద్దున లైటు వేసేసరికి ఒక మష్రూమ్ అర్ధరూపాయి బిళ్లంత విచ్చుకుంది, రెండోది ఇంకా ముడుచుకునే ఉంది. మాండరిన్ పొట్ట కాస్త లోపలికుంది, ఈ సాయంత్రం కోపీపాడ్స్ సీసా తెస్తున్నాను. శ్రీలక్ష్మి గారూ, ఆ రాత్రి పోసేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తోంది. చాలా థ్యాంక్స్ అండీ.