డిస్కు బిగిస్తే నెట్‌వర్క్ పోర్టు పేరు ఎందుకు మారాలి?

ప్రశ్న

కూకట్‌పల్లిలోని మా చిన్న కార్యాలయంలో డెబియన్ లినక్స్ నడిచే ఒక యంత్రం ఫైర్‌వాల్‌గా (లోపలికీ బయటికీ వెళ్లే ట్రాఫిక్‌ను నిబంధనల ప్రకారం వడపోసే కాపలాగా) పనిచేస్తోంది. దాని రెండు నెట్‌వర్క్ పోర్టులలో ఈఎన్‌పీ3ఎస్0కు బయటి ఫైబర్ లైను, ఈఎన్‌పీ4ఎస్0కు లోపలి స్విచ్ తగిలించి ఉన్నాయి. ఈమధ్య సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న ఎన్‌వీఎంఈ డిస్కును (పీసీఐ మార్గానికే తగిలే వేగవంతమైన డిస్కును) బిగించి యంత్రాన్ని ఆన్ చేయగానే పేర్లు ఒక్కో అంకె ముందుకు జరిగాయి. అంటే నిన్నటిదాకా లోపలి పోర్టుకు ఉన్న పేరు బయటి లైనుకు వచ్చింది. మా సిబ్బంది కోసం రాసుకున్న సడలింపు నిబంధనలన్నీ బయటినుంచి వచ్చే ట్రాఫిక్‌కు వర్తించాయి. నెట్‌వర్క్ ఆగిపోయి ఉంటే అది ఇబ్బందితో పోయేది, ఇది ప్రమాదం. కేబుళ్లను గాని కార్డులను గాని ఎవరూ కదపలేదు. పేర్లు స్థిరంగా ఉండాలని తెచ్చిన పద్ధతిలోనే ఇలా ఎందుకు జరుగుతోంది? అసలు ఆపరేటింగ్ సిస్టమ్ దేన్ని ఆధారం చేసుకుని పేరు పెట్టాలి?

సమాధానం 1

మీ పోర్టు పేరులోని 3 అనే అంకె స్లాటు నంబరు కాదు, పీసీఐ బస్ నంబరు, అంటే మదర్‌బోర్డులో పరికరాలను కలిపే దారికి ఇచ్చిన నంబరు. యంత్రం ఆన్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్) ఒక బస్‌ను ఇంకో బస్‌కు కలిపే ఒక్కో వంతెన వెంట లోపలికి వెళ్తూ, కనబడిన బస్‌లకు వరుసగా నంబర్లు ఇస్తుంది. మీ కొత్త డిస్కు ఆ వరుసలో నెట్‌వర్క్ పోర్టులకంటే ముందు వచ్చి ఒక నంబరు తీసుకుంది కాబట్టి, వెనకున్నవన్నీ ఒకటి జరిగాయి. మన హైదరాబాద్‌లో రెండు పాత ఇళ్ల మధ్య కొత్త ఇల్లు లేస్తే పక్క నంబరుకే బై వేసి ఏ అనో 1 అనో చేరుస్తారు గాని, వీధిలో మిగతా ఇళ్ల నంబర్లను ముట్టుకోరు. పీసీఐ బస్‌లలో ఆ బై అనే వెసులుబాటు లేదు.

ఈ పద్ధతి రాకముందు పరిస్థితి ఇంతకంటే అన్యాయంగా ఉండేది. డ్రైవరుకు (కార్డును నడిపే ప్రోగ్రామ్‌కు) ఏ కార్డు ముందు కనబడితే అది ఈత్0, తరువాతది ఈత్1. రెండు డ్రైవర్లు పోటీపడితే రీబూట్‌కు రీబూట్‌కు పేర్లు తారుమారయ్యేవి. దాన్ని ఆపడానికి యుడెవ్ అనే లినక్స్ ప్రోగ్రామ్ ఒక్కో మ్యాక్ అడ్రసును (కార్డుకు తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యను) ఒక్కో పేరుతో ముడిపెట్టి ఫైలులో రాసుకునేది. కాలిన కార్డును మార్చినా, వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేసినా కొత్త మ్యాక్ అడ్రసు వచ్చేది కనుక, ఈత్0 కోసం రాసిన సెట్టింగులన్నీ అనాథలై, ఉన్న ఒక్క పోర్టూ ఈత్1గా లేచేది. 2011లో ఫెడోరా 15 అనే లినక్స్ పంపిణీ, ఫర్మ్‌వేర్ వివరాలనుబట్టి పేర్లు పెట్టే, డెల్ రూపొందించిన బయోస్‌డెవ్‌నేమ్‌ను వాడింది. 2013 జనవరిలో, లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో ఇప్పటి పద్ధతి వచ్చింది. మదర్‌బోర్డు మీది పోర్టుకు ఫర్మ్‌వేర్ సూచిక ఇస్తే ఈఎన్‌ఓ1, స్లాటు నంబరు తెలిస్తే ఈఎన్‌ఎస్1, ఆ రెండూ లేనప్పుడు మాత్రమే బస్ నంబరుతో ఈఎన్‌పీ వస్తుంది. మీ బోర్డు తయారీదారు మొదటి రెండు వివరాలూ ఫర్మ్‌వేర్‌లో సరిగా నింపి ఉంటే మీకు ఈ బాధ ఉండేది కాదు. తప్పు సగం అక్కడే ఉందని నా నమ్మకం.

సమాధానం 2

పై వివరణతో ఏకీభవిస్తాను గాని, ఫర్మ్‌వేర్ సరిగా ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. హార్డ్‌వేర్ మారినప్పుడు "ఇది పాత పోర్టే" అని దేన్నిబట్టి అంటాం? గచ్చిబౌలిలోని ఒక డేటా సెంటర్‌లో ఒకే రకం సర్వర్లు వరుసలుగా ఉన్నాయనుకోండి. ఒక కార్డు పాడైతే రాత్రి షిఫ్టు టెక్నీషియను అదే స్లాటులో ఇంకొకటి గుచ్చి వెళ్తారు. అక్కడ స్లాటే గుర్తింపు కావాలి, మ్యాక్ అడ్రసు అడ్డం వస్తుంది. మీ కార్యాలయంలో కార్డు అదే, చుట్టూ ఉన్నవి మారాయి. మీకు కావలసింది మ్యాక్ అడ్రసు. ఈ రెంటిలో ఏది వర్తిస్తుందో కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) తెలిసే మార్గం లేదు, పోర్టును ఏ పనికి పెట్టారో తెలిసిన మనిషికే తెలుస్తుంది. అందుకని సిస్టమ్ తనకు తెలిసిన గుర్తింపులన్నీ పక్కపక్కన చూపించి, పనిని చెప్పే పేరు పెట్టడం నిర్వాహకుడికి వదలాలి. 2020 జనవరిలో వచ్చిన లినక్స్ 5.5 నుంచి ఒకే ఇంటర్‌ఫేస్‌కు అదనపు పేర్లు పెట్టవచ్చు. అసలు పేరుకు 15 అక్షరాల పరిమితి ఉన్నా వీటికి 127 దాకా వీలుంది. సరైన దారి అదేనని నేను అనుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బూట్ సమయంలో కెర్నల్‌కు ఇచ్చే పారామీటరుతో (సెట్టింగుతో) కొత్త పద్ధతిని ఆపేసి మళ్లీ ఈత్0, ఈత్1 తెచ్చుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అది సురక్షితమేనా?

సమాధానం 3

ఒకే పోర్టున్న యంత్రానికైతే ఫరవాలేదు, రెండు పోర్టుల ఫైర్‌వాల్‌కు మాత్రం వద్దండి. మళ్లీ డ్రైవర్ల వరుస మీదే ఆధారపడతారు. దానికి బదులు ఏ కార్డుకు ఏ పేరు పెట్టాలో చెప్పే సిస్టమ్‌డీ లింక్ ఫైళ్లు రెండు రాసి, ఒకదానికి "బయట" అనీ రెండోదానికి "లోపల" అనీ అర్థం వచ్చే పేర్లు పెట్టండి. ఈత్0 లాంటి పేరు మాత్రం పెట్టకండి, కెర్నల్ అదే పేరును ఇంకో కార్డుకు ఇవ్వబోయి గొడవ వస్తుంది. ఆ ఫైలులో కార్డును గుర్తుపట్టడానికి ప్రస్తుత మ్యాక్ అడ్రసును కాక శాశ్వత మ్యాక్ అడ్రసును ఇవ్వండి; బ్రిడ్జీలు, వీల్యాన్‌లు (కార్డుపై సాఫ్ట్‌వేర్‌తో ఏర్పాటు చేసే ఇంటర్‌ఫేస్‌లు) కింది కార్డు అడ్రసునే తెచ్చుకుంటాయి కనుక ప్రస్తుత అడ్రసు వాటికీ సరిపోలుతుంది. ఫైలు పేరు 10తో మొదలుపెడితే, 99తో ఉన్న డిఫాల్టు ఫైలుకంటే ముందు చదువుతుంది. డెబియన్‌లో ఆ తరువాత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ తొలిదశలో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్‌ను) తప్పక అప్‌డేట్ చేయాలి, ఎందుకంటే పేరు మార్పు బూట్ తొలిదశలోనే జరిగిపోవచ్చు. ఫైర్‌వాల్ నిబంధనలలో కూడా పాత పేర్లు తీసేసి, రెండు పేర్లలో దేనికీ చెందని ట్రాఫిక్‌ను ఆపేసే వరుస ఒకటి చేర్చండి. రేపు కార్డు మారి కొత్త మ్యాక్ అడ్రసు వచ్చినా నెట్‌వర్క్ ఆగుతుందే గాని, తలుపు తెరుచుకోదు.