లాగర్, గోల్డెన్ ఏల్: పేర్లు దాచి రుచి చూసేది ఎట్టా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
ఆరుగురం, ఆరు బీర్లు: రెండు చెక్ పిల్స్నర్లు, ఒక హెల్లెస్, ఒక కోల్ష్, రెండు బ్లాండ్ ఏల్స్. పేర్లు దాచి మార్కులేస్తాం. ఏది ముందు పొయ్యాలి, ఎంత చల్లగా? ఒకదాంట్లో ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన, ఇంకోదాంట్లో కాలిన రబ్బరు వాసన వస్తన్నాయి. తప్పు కాచినోళ్లదా, అమ్మినోళ్లదా?

ఒంగోలు గిత్త:
ముందు గ్లాసులు చూడన్నా, సగం తీర్పులు అక్కడే చెడేది. జిడ్డుంటే నురగ నిలవదు, గ్లాసు గోడలకు బుడగలు అతుక్కుంటాయి. వేడినీళ్లతో కడిగి, గుడ్డ పెట్టకుండా బోర్లించి ఆరనియ్యి. ఫ్రీజర్లో పెట్టొద్దు, ఆ మంచు కరిగి బీరు పలచనవుద్ది.

లాగర్లు (చల్లగా పులిసేవి: పిల్స్నర్, హెల్లెస్) 5–7 డిగ్రీలు, ఏల్స్ (కాస్త వెచ్చగా పులిసేవి: కోల్ష్, బ్లాండ్) 7–10. ఇంకా చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి వాసన తెలవదు. నెల్లూరు ఎండల్లో గ్లాసు ఎంతోసేపు చల్లగా ఉండదు గనక తలా 80 మిల్లీ పోసి, సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి.

వరుస: హెల్లెస్, కోల్ష్, బ్లాండ్, ఆఖర్న పిల్స్నర్. అన్నీ బంగారు రంగే గదా అని కలిపేస్తే దెబ్బతింటారు. హెల్లెస్ చేదు 16–22 ఐబీయూ (బీరు చేదును కొలిచే లెక్క), చెక్ పిల్స్నర్‌ది 30–45. ఆ చేదు నాలిక మీద పడ్డాక హెల్లెస్ నీళ్లే.

కావలి సీసా:
మొక్కజొన్న వాసన కాచినోళ్లదే. లేత రంగు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ)లోంచి పుట్టే డీఎంఎస్ అనే గంధకపు పదార్థం అది. మూత తీసి బాగా మరిగిస్తే ఆవిరైపోద్ది. మూతేసినా, మరిగించాక నిదానంగా చల్లార్చినా మిగిలిపోద్ది.

రబ్బరు వాసన వెలుతురు పని. పచ్చ సీసా, తెల్ల సీసా ఎండలో పెడితే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) చేదు విరిగి గంధకం వాసనవుద్ది, నిమిషాల్లోనే. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుద్ది. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మాత్రం గాలి తగిలి పాతబడిందని అర్థం. వేడి తగిలితే అది ఇంకా తొందరగా వస్తది, డిక్కీలో మరిచిపోవద్దు.

వెన్న వాసన అనుమానంగా ఉంటే రెండు గ్లాసులు తీసుకో. ఒకదానికి మూతేసి 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలుంచి, చల్లారాక రెండూ వాసన చూడు. వేడిచేసిందాంట్లో ఎక్కువొస్తే, ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) పని ముగియకముందే బీరు తీసేశారన్నమాట. చెక్ పిల్స్నర్‌లో లీలగా ఉంటే ఒప్పే, హెల్లెస్‌లో తప్పే.

పెన్నా ఒడ్డు:
మరి మార్కులు?

ఒంగోలు గిత్త:
బీజేసీపీ (బీరు పోటీల జడ్జీలకు పరీక్షలు పెట్టే సంస్థ) పద్ధతిలో 50: వాసన 12, రూపం 3, రుచి 20, నోట్లో తగిలే తీరు 5, మొత్తంమీద 10. రంగు చూసి మురిసిపోవద్దు, దాని వాటా మూడే. కోల్ష్‌లో సన్నని పండు వాసన ఉండొచ్చు, అది ఏల్ ఈస్ట్‌తో పులిసి తర్వాత చల్లగా మాగేది. దానికి మార్కులు కొయ్యొద్దు.

కావలి సీసా:
మధ్యలో ఉప్పులేని మరమరాలు, నీళ్లు. చేపల పులుసు గిన్నె మాత్రం లెక్కలన్నీ అయ్యాకే తెరవండి, ఆ గదిలో ఇంక హాప్స్ వాసన ఎవరికీ తెలవదు.