గోధుమలో జింకు, వేడికి ఓర్పు: ఒక వరి రైతు సందేహాలు

యనమదుర్రు గట్టు రైతు అడిగినది:

నమస్కారం. మాది పెనుగొండ దగ్గర పల్లెటూరు. సార్వాకైనా దాళ్వాకైనా వరి తప్ప మరో పైరు ఎరుగని చేలు మావి. అలాంటివాడు గోధుమ గురించి అడగడమేమిటని మీకు వింతగా తోచవచ్చు. మా అమ్మకు చక్కెర వ్యాధి వచ్చిన దగ్గర నుంచి మా ఇంట్లో రాత్రిపూట పుల్కాలే. నెలకు పది కిలోల గోధుమలు కొని, రాళ్ళు ఏరి, ఒక పూట ఎండలో పోసి, పిండిమరకు మోసుకెళ్ళే పని నా మీద పడింది. మొన్న కొట్టాయన వేరే బస్తా విప్పి, “ఇవి జింకు గోధుమలండి, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ” అన్నాడు. గింజను అరచేతిలో పోసుకుని ఎంతసేపు చూసినా మామూలు గోధుమకూ దానికీ తేడా నాకు కనిపించలేదు.

ఆ జింకు పైరులోనే వస్తుందా, లేక బియ్యంలో బలవర్ధక గింజలు కలిపినట్టు తర్వాత కలుపుతారా? 2022లో ఎండల వల్ల ఉత్తరాదిన గోధుమ దెబ్బతిని ఎగుమతులు ఆపేశారు కదా, వేడిని తట్టుకునే రకాల మీద నిజంగా పని జరుగుతోందా, జరిగితే దిగుబడి తగ్గదా? చివరగా, దాళ్వాకు కాలువ నీరు ఇవ్వలేమని చెప్పిన ఏడాది మన చేలల్లో గోధుమ వేస్తే పండుతుందా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

పాత ప్రజననవేత్త:

యనమదుర్రు గట్టు రైతు గారికి నమస్కారం. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం కొత్త రకాలు రూపొందించే ప్రజననవేత్తగా ఉత్తరాదిన గోధుమ పొలాల్లో గడిపి, ఇప్పుడు కాకినాడలో విశ్రాంతి తీసుకుంటున్నాను.

జింకు కలిపేది కాదు, పైరు తానే నేలలోంచి పీల్చి గింజలో దాచుకునేది. మన దేశంలో 2017లో విడుదలైన డబ్ల్యూబీ 02 అనే రకంలో కిలో గింజకు 42 మిల్లీగ్రాముల జింకు, 40 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. మామూలు రకాల్లో జింకు 32 దగ్గర ఆగిపోతుంది. ఆ తేడా ఎక్కడిదంటే, గోధుమకు తాతముత్తాతల వంటి అడవి గడ్డి జాతుల నుంచీ, ఇప్పుడు ఎవరూ పెద్దగా సాగు చేయని పాత గోధుమల నుంచీ సంకరం ద్వారా తెచ్చుకున్నది. జన్యుమార్పిడి పంట కాదు. అర్జెంటీనాలో 2020లో అనుమతి పొందిన హెచ్‌బీ4 గోధుమ మాత్రం ఆ కోవలోదే. అందులో కరవును తట్టుకోవడానికి పొద్దుతిరుగుడు జన్యువును చొప్పించారు. మన దేశపు జింకు గోధుమలకూ దానికీ సంబంధం లేదు.

మీకు అంతా తెలిసిన స్వర్ణ వరితోనే మిగతాది చెబుతాను. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 అది. వరద నీట మునిగినా కుళ్ళని గుణం ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే దేశవాళీ వరిలో ఉందని శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. అయితే ఆ వరికి దిగుబడి లేదు, గింజ నాణ్యత లేదు. దాన్ని మంచి రకంతో కలిపితే మునక తట్టుకునే గుణంతో పాటు దాని అవలక్షణాలన్నీ వెంటబడి వచ్చేవి. సబ్1 అనే జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడ ఉందో గుర్తుపట్టాక, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థవారు ఆ ముక్కను మాత్రం నిలుపుకుంటూ మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపి, మిగతాదంతా స్వర్ణే అయిన మొక్కను ఏరుకున్నారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1 అదే. నీళ్ళలో రెండు వారాలు మునిగి ఉన్నా అది చావకపోవడానికి కారణం, మునిగినప్పుడు పైకి సాగడానికి ప్రయత్నించకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఉన్న పిండి పదార్థాన్ని పొదుపు చేసుకోవడమే.

రైతు ఇష్టపడి వేసే రకాన్ని మార్చకుండా, దానికి లేని ఒక్క గుణాన్ని మాత్రం తెచ్చి అతకడం గోధుమలోనూ జరగాల్సిన పని. అక్కడ అది ఎన్నో రెట్లు కష్టం. వరికి 24 క్రోమోజోములు, గోధుమకు 42. మూడు వేర్వేరు గడ్డి జాతులు కాలక్రమంలో కలిసిపోయి ఏర్పడిన పైరు కాబట్టి, ఒక్కో జన్యువుకు సాధారణంగా మూడేసి జతలు ఉంటాయి. ఒక జతలో లోపం వచ్చినా మిగతావి కప్పేస్తాయి గనుక మనకు పైకి ఏమీ తెలియదు. వరి జన్యుపటం సుమారు 40 కోట్ల అక్షరాలైతే గోధుమది 1,600 కోట్లు. దాన్ని దాదాపు పూర్తిగా చదివిన ప్రతి 2018లో గానీ వెలువడలేదు.

వేడి సంగతికి వస్తే, 2022 మార్చి నెల మన దేశంలో లెక్కలు రాయడం మొదలైన 1901 తర్వాత అత్యంత వేడి మార్చి. గింజ పాలుపోసుకునే వేళ ఎండ ముదిరితే పిండి చేరే రోజులు తగ్గిపోయి గింజ ముడుచుకుపోతుంది, అంటే మన భాషలో నొక్కులు పడుతుంది. ఆ ఏడాది మే 13న ఎగుమతులు నిషేధించారు. పరిశోధకులు దీనికి రెండు దారులు పట్టారు. ఒకటి, అక్టోబరు ఆఖరుకే విత్తినా తొందరపడి ఈనని రకాలు రూపొందించి ఎండ రాకముందే గింజ గట్టిపడేలా చూడడం. రెండోది నాకు బాగా ఇష్టమైన పని. మధ్యాహ్నం రెండు గంటలకు, తుపాకిలా పట్టుకునే ఉష్ణమాపకాన్ని ఒక్కో వరుస పైరు మీదికి గురిపెట్టి ఆకుల వేడి చదువుతారు. పక్క వరుస కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉన్న మొక్కలంటే, వాటి వేర్లు లోతుకు దిగి ఇంకా నీరు తోడుతున్నాయన్న మాట. వేలకొద్దీ వరుసల్లో మొదటి వడపోతకు ఇంతకంటే చవకైన పద్ధతి నేనెరుగను.

దిగుబడి తగ్గదా అన్న ప్రశ్న మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమిట్ వారికీ ఉన్నదే. జింకు ఉన్న గోధుమ అని మండీలో క్వింటాలుకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వరు. కనుక జింకు కోసం విడిగా ఒక రకం పెట్టకుండా, దిగుబడి కోసం, తుప్పు తెగులు నుంచి రక్షణ కోసం తాము చేసే ప్రతి సంకరంలోనూ జింకును కూడా ఒక గుణంగా చేర్చే పద్ధతికి మళ్ళారు. మీ కొట్టాయన అడిగిన నాలుగు రూపాయలు ఆ గోధుమ పండించిన రైతుకు చేరి ఉంటాయని నేను అనుకోను.

యూరియా విషయం కూడా ఒకటి చెప్పాలి. మెట్ట నేలలో వేసిన యూరియా అమ్మోనియంగా మారాక, దాన్ని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. అది నీటితో జారిపోతుంది, కొంత వాయువై లేచిపోతుంది. ఇసుక దిబ్బల మీద పెరిగే ఒక అడవి గడ్డి వేర్లు ఆ సూక్ష్మజీవులను అదుపు చేసే పదార్థాన్ని స్రవిస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు, సిమిట్ వారు కలిసి ఆ గడ్డి క్రోమోజోమ్ ముక్కను సంకరం ద్వారా గోధుమలోకి తెచ్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. నీరు నిలిచిన వరి మడిలో ఆ మార్పు ఎటూ నెమ్మదిగానే జరుగుతుంది కాబట్టి మన చేలకు దాని అవసరం తక్కువ. గోధుమ పొలాలకు మాత్రం చాలా పెద్ద విషయం.

లంక మెరక:

మూడో ప్రశ్నకు నా అనుభవం రాస్తున్నాను. ఆలమూరు వైపు లంక మెరకలో ఒక ఏడాది పట్టుదలకు పోయి 40 సెంట్లలో గోధుమ చల్లాను. నవంబరు మూడో వారంలో విత్తితే మొలక బాగానే వచ్చింది, డిసెంబరులో దారిన పోయేవాళ్ళు ఆగి చూసేంత పచ్చగా ఉంది. తీరా పిలకలు వేయాల్సిన రోజుల్లో చలి చాలక ఒకటి రెండు పిలకలతోనే సరిపెట్టుకుని, జనవరి మొదట్లోనే ఈనేసింది. వెన్ను నా బొటనవేలంత ఉంది. ఫిబ్రవరిలో గింజ గట్టిపడే వేళకే మధ్యాహ్నపు ఎండ చురుక్కుమనడంతో సగం నొక్కులు. మిగిలిన దాంట్లో చిలకల వాటా పోను, కర్రలతో కొట్టి తూర్పారపడితే రెండు బస్తాలు కూడా నిండలేదు. పెనుగొండ వైపు వరి దమ్ము చేసిన బంకమట్టి చేలల్లో పరిస్థితి ఇంకా కష్టం. ఆ నేల ఆరితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే గోధుమ వేరుకు ఊపిరాడదు. నీరు రాని ఏడాదికి సార్వా కోతకు ముందు మినుములు చల్లుకోవడమే మనకు తెలిసిన మేలైన దారి.

ఆహార విభాగం ఉద్యోగిని:

జింకు గింజలో ఉండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. గోధుమ గింజలో జింకు ఎక్కువగా పై పొరలోనూ మొలకలోనూ ఉంటుంది. మైదా చేసేటప్పుడు పోయేవి సరిగ్గా ఆ రెండే. కాబట్టి జింకు గోధుమను తెచ్చి మైదా పట్టిస్తే ఆ పరిశోధనంతా పొట్టుతోపాటు పోయినట్టే. అదే పై పొరలో ఫైటేటు అనే పదార్థం జింకును పట్టుకుని పేగులకు అందనివ్వదు. పిండిని పులియబెడితే ఫైటేటు కొంత తగ్గుతుంది గానీ, పుల్కా పిండిని ఎవరూ పులియబెట్టరు. లెక్కకు చూస్తే, రోజుకు 200 గ్రాముల పిండి తినేవారికి కిలోకు పది మిల్లీగ్రాముల తేడా వల్ల అదనంగా వచ్చే జింకు రెండు మిల్లీగ్రాములు. ఒక్క గుడ్డు, గుప్పెడు పప్పు తినలేని ఇంటికి ఆ రెండు మిల్లీగ్రాములూ విలువైనవే. రోజూ చేపలు తినే మన వైపు ఇళ్ళకు అంత అవసరమని నేను చెప్పను.

అమ్మగారి విషయంలో ఒక మాట. అన్నం మాని పుల్కా తిన్నంత మాత్రాన చక్కెర అదుపులోకి రాదు. లాభమేదైనా ఉంటే, అన్నం కంటే పుల్కాలు లెక్కపెట్టుకుని తింటాం గనుక పరిమాణం తగ్గడం వల్ల వచ్చేదే ఎక్కువ. నెమ్మదిగా అరిగే పిండి ఎక్కువగా ఉండే గోధుమ రకాలపైనా పరిశోధన జరుగుతోంది, అవి మన మరల దాకా రాలేదు. అన్నట్టు, జింకు వరి కూడా ఉంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో ఇచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45లో పాలిష్ పట్టిన బియ్యంలోనే కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది.

యనమదుర్రు గట్టు రైతు:

అందరికీ కృతజ్ఞతలు. లంక మెరక గారూ, రెండు బస్తాల సంగతి చదివాక గోధుమ ఆలోచన మానుకున్నాను. ఆహార విభాగం వారు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఇన్నాళ్ళుగా మా ఇంట్లో మర పట్టించిన పిండిని సన్న జల్లెడతో జల్లించి, పొట్టంతా గేదె కుడితిలో కలుపుతున్నారు. ఆరేళ్ళుగా జింకు తిన్నది మా గేదె అన్నమాట. “దాని పాలు తాగింది మనమేగా” అని అమ్మ సమర్థించుకుంది గానీ, ముతక జల్లెడ తెమ్మని కూడా చెప్పింది.

ప్రజననవేత్త గారికి ఒక ప్రశ్న. స్వర్ణ సబ్1 నేనూ వేశాను, ఊడ్చిన ఇరవై రోజులకు మురుగు కాలువ పొంగి తొమ్మిది రోజులు మునిగినా చేను తేరుకుంది. అయితే మమ్మల్ని ఎక్కువగా ముంచేది ఆ ముంపు కాదు, కోతల వేళ వచ్చే తుపాను. కోసిన పనలు నీళ్ళలో తేలి, మూడో రోజుకు కంకి మీదే తెల్లగా మొలకలు వస్తాయి. దీనికి ఏదైనా జన్యువు ఉందా? గోధుమ వాళ్ళకు ఈ బాధ లేదా?

పాత ప్రజననవేత్త:

మీరన్నది నిజం. సబ్1 రక్షణ ఆకు దశకే, ఈనిన తర్వాత దాని వల్ల ఉపయోగం లేదు. కంకి మీద మొలక రాకుండా కాపాడేది విత్తనపు నిద్రావస్థ. కోశాక కొన్ని వారాల పాటు తడిసినా మొలకెత్తకుండా ఉండే గుణం అది. వరిలో ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. పైగా నిద్ర మరీ ఎక్కువైతే, సార్వా విత్తనాన్ని వెంటనే దాళ్వా ఆకుమడిలో పోసుకునే మీలాంటి వారికి అది సగం కూడా మొలవక మరో తంటా.

గోధుమ వాళ్ళకూ ఈ బాధ ఉంది. అక్కడ ఈ గుణానికి గింజ పైపొర రంగుతో సంబంధం ఉంది. ఎర్ర గోధుమలకు నిద్ర ఎక్కువ, లేతరంగు గోధుమలకు తక్కువ. 1960లలో మెక్సికో నుంచి వచ్చిన సోనోరా 64, లెర్మా రోహో పొట్టిగా ఉండి విపరీతంగా పండినా, గింజ ఎర్రగా ఉందని మనవాళ్ళు ముఖం చిట్లించారు. చపాతీ రంగు మారుతుందని మండీలో ధర తగ్గించారు. దాంతో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారు సోనోరా 64 విత్తనాల మీద గామా కిరణాలు ప్రసరింపజేసి, తేనెరంగు గింజ ఉన్న మొక్కను ఏరి షర్బతీ సోనోరా అని పేరు పెట్టారు. తినేవారి కంటికి నచ్చిన ఆ రంగు కోసం, తడిస్తే మొలకెత్తకుండా ఆపే గుణంలో కొంత వదులుకోవలసి వచ్చింది. ఉత్తరాదిన ఏప్రిల్ కోతలకు వానలు అరుదు కాబట్టి అక్కడ ఆ బేరం చెల్లింది. నవంబరు, డిసెంబరు తుపానుల మధ్య కోసుకునే మన డెల్టాలో అలాంటి బేరానికి వీలుండదు. మీరు మార్టేరు వెళ్ళినప్పుడు ఏ రకం పొట్టిది, ఏది సన్నం అని అడిగే ముందు, కోశాక ఎన్ని వారాల నిద్ర ఉందో అడగండి. ఆ సంఖ్య వారి దగ్గర రాసి ఉంటుంది.