సమస్య: పట్టుకొన్న కొలది పారిపోవు

నిర్వాహకుడు: ఈ పాదమే ఆఖరుగా వచ్చేలా మిగతా మూడూ కట్టి ఆటవెలది పూరించాలి. నిన్న నల్లగొండ బస్టాండులో చిల్లర కోసం కండక్టర్ వెంట పడుతుంటే తట్టిన పాదం. పిల్లవాడి ఫిజిక్స్ నోట్సు చేతిలో ఉంది కాబట్టి షరతు: అనిశ్చితత్వమో (కణం చోటూ, వేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తేలవన్న సూత్రం), ఉష్ణ సంవహనమో (కదిలే గాలితోనో, ద్రవంతోనో వేడి తరలిపోవడం) రావాలి.

దేవరకొండ మాస్టారు:

ఇంత చోట కణము నిరికించి చూచిన
వేగ మెంత యనుట వెర్రి మాట
చోటు చిక్కె నన్న సుడివోలె వేగమ్ము
పట్టుకొన్న కొలది పారిపోవు

వనపర్తి: యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) గట్టిగా పడ్డాయి. కానీ మాస్టారూ, పారిపోయేది వేగం కాదు, ఇంత అని చెప్పగలిగే నిశ్చయం. ఎలక్ట్రాన్ చోటు 10⁻¹⁰ మీటర్ల లోపే అని తేల్చామనుకోండి, వేగంలో అనిశ్చితి సెకనుకు కనీసం 5.8 లక్షల మీటర్లు. లెక్క వేయకుండా పద్యం కట్టినట్టుంది.

దేవరకొండ మాస్టారు: లెక్క వేసే కట్టాను. ఆటవెలదిలో ‘అనిశ్చితి’ని నువ్వు ఇరికించు, చూస్తా.

పాలమూరు పిల్లోడు:

చాయి సాసరందు సన్నగా నూదగా
ఆవిరి వెంట వేడి యంత జారు
కప్పులోన నున్న కాస్తంత వెచ్చన
పట్టుకొన్న కొలది పారిపోవు

దేవరకొండ మాస్టారు: రెండో పాదంలో ‘ఆవి’ దగ్గర మొదటి గణం (గురు లఘువుల గుంపు) అయిపోయింది. సూర్యగణమంటే గురువు-లఘువో, మూడు లఘువులో కావాలి; మిగిలిన ‘రివెంట’ ఏ సూర్యగణం నాయనా? మునుపటి బత్తాయి పద్యంలో బకి వ యతి వేసిందీ నువ్వే కదా.

పాలమూరు పిల్లోడు: వబయోరభేదః, అంటే వ, బలకు భేదం లేదని ఆ రోజే చెప్పాను గురువుగారూ. ఇంకా అదేనా?

వనపర్తి: బత్తాయి సంగతి వదిలేయండి. ఆ ‘ఆవిరి’ గణానికే కాదు, ఫిజిక్సుకూ అడ్డే. ఆవిరితో పోయే వేడి బాష్పీభవనం ఖాతాలో పడుతుంది. షరతు సంవహనం. సాసర్లో పోస్తే వైశాల్యం పెరుగుతుంది, ఊదితే సంవహన గుణకం (వేడి ఎంత చురుగ్గా పోతుందో చెప్పే సంఖ్య) పెరుగుతుంది, న్యూటన్ శీతలీకరణ సూత్రంలో రెండూ గుణకారమే. కాబట్టి ఇలా మార్చు:

గాలి వెంట వేడి గడప దాటు

పాలమూరు పిల్లోడు: అబ్బ! ఒక్క పాదంతో రెండు తప్పులూ పోయాయి. మంచిగుంది అన్నా, మార్చేశా.

దేవరకొండ మాస్టారు: గా–గ యతి కూడా చక్కగా కుదిరింది. అయితే ఆ పాదం వనపర్తిది, పిల్లోడిది కాదు. మార్కులేసేటప్పుడు నిర్వాహకులు గమనించాలి.

మిర్యాలగూడ:

హెచ్చు రెండు చోట్ల హేళనే చేసెరా
ప్లాంకు దొకటి వేడి పంచు నొకటి
మార్చి వేసినంత మార్కులన్నియు చేత
పట్టుకొన్న కొలది పారిపోవు

వనపర్తి: ఓహో! రెండు సూత్రాల్లోనూ అక్షరం హెచ్చే (h)! అనిశ్చితి లెక్కలో వచ్చే ప్లాంక్ స్థిరాంకం 6.626×10⁻³⁴ జౌల్-సెకన్లు. నిలకడ గాలికి సంవహన గుణకం చదరపు మీటరుకు డిగ్రీకి 2 నుంచి 25 వాట్లు. ఒకదాని చోట ఇంకోటి వేస్తే చాయి ఈ జన్మకు చల్లారదు.

నిర్వాహకుడు: ‘హెచ్చు’లోని రెండో అర్థం, ‘ఎక్కువ’, కూడా చూశారా? ఈ వారం గెలుపు మిర్యాలగూడదే.

దేవరకొండ మాస్టారు: ప్లా–ప యతి దగ్గర రెండుసార్లు ఆగాను. తప్పు దొరకలేదు. బత్తాయి నాడైతే చూడగానే దొరికింది.