ఏసీ క్యాబిన్‌తో లారీ ఏవరేజీ పడిపోతోందా?

టెక్కలి_ఓనర్: 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కదా. నేనూ ఒకటి తీసుకున్నాను. గ్రానైట్ బ్లాకులేసుకుని విశాఖ పోర్టుకి వెళ్తుంది. పాత బండికి వచ్చిన ఏవరేజీ (లీటరుకి కిలోమీటర్లు) దీనికి రావడం లేదు. డ్రైవరు ఏసీ ఆపడు. డీజిల్ తగ్గే దారి చెప్పండి.

పలాస_జీడిలోడ్: మా నాన్న తడి తువ్వాలు మెడకేసుకుని తోలాడు బావా. ఏసీ ఏటి, లారీకి!

గరివిడి_మెకానిక్: బండి పరుగులో ఉంటే ఏసీ తాగేది కొంచెమే. నిలబెట్టి, దానికోసమే ఇంజిన్ ఆడిస్తే మాత్రం గంటకి లీటర్లలో పోతుంది. ముందు వేడి లోపలికి రాకుండా ఆపండి. గేర్ రాడ్డు దగ్గర రబ్బరు చిరిగినా, డోర్ బీడింగు పోయినా, ఇంజిన్ మీద మ్యాట్ ఊడినా కింద నుంచి సెగ కొడుతూనే ఉంటుంది, ఏసీ ఎంత తిరిగినా చాలదు. క్యాబిన్ టాప్‌కి తెల్ల రంగు వేయించండి. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో (ఏసీ వేడిని బయటికి వదిలేది అదే) మీ గ్రానైట్ దుమ్ము చేరితే ఏసీ చల్లబడదు, ఇంజినూ వేడెక్కుతుంది.

టెక్కలి_ఓనర్: వేడెక్కిందనే మా మేస్త్రీ థర్మోస్టాట్ వాల్వ్ పీకేశాడు. ఇప్పుడు బాగానే ఉంది.

గరివిడి_మెకానిక్: వారంటీలో ఉన్న బండికా! మీ ఏవరేజీ పోయింది అక్కడేనేమో చూసుకోండి. నీళ్లు సుమారు 80 డిగ్రీలకి వచ్చేదాకా ఆ వాల్వ్ రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది. అది లేకపోతే హైవే మీద ఇంజిన్ చల్లగానే తిరుగుతుంది, డీజిల్ సరిగ్గా మండదు. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ తీస్తే బైపాస్ (నీళ్లు మళ్లీ ఇంజిన్‌లోకే తిరిగే అడ్డదారి) తెరిచే ఉండిపోయి కొంత నీరు రేడియేటర్‌కి వెళ్లదు, వేడి ఇంకా పెరుగుతుంది.

సాలూరు_ఘాటీ: వాల్వ్ లేని బండి నేనూ తోలాను. చలికాలం రాత్రి సుంకి ఘాట్‌లో హీటర్ వేస్తే చల్లగాలి. హీటర్‌కి వేరే డీజిల్ అక్కర్లేదు, ఇంజిన్ నీళ్ల వేడే చాలు. ఆ వేడినే లేకుండా చేశారు. అద్దానికి పట్టిన ఆవిరి పోవాలంటే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయాలి, గాలిలో తేమ లాగేది అదే. అది వేసినందుకూ మాట పడ్డాను.

టెక్కలి_ఓనర్: నేను అడిగింది డ్రైవర్ గురించి. మీరందరూ వాల్వ్ పట్టుకున్నారు.

గరివిడి_మెకానిక్: వాల్వ్ గురించే మాట్లాడాలి మరి. ఎండాకాలమైనా అది ఉండాల్సిందే.

సాలూరు_ఘాటీ: డ్రైవర్ గురించే అడుగుతున్నాను, చెప్పండి. ఏసీ లేని పాత బండి ఏవరేజీ లెక్కతోనేనా డీజిల్ ఇస్తున్నారు? తగ్గింది బత్తాలో కోస్తున్నారా?

టెక్కలి_ఓనర్: కిస్తీ నువ్వు కడతావా?

సాలూరు_ఘాటీ: నాకు కోసిన ఓనరూ ఇదే మాటన్నాడు! మే నెలలో మధ్యాహ్నం పోర్టు గేటు బయట లైన్లో ఇంజిన్ ఆపి కూర్చోండి ఓసారి. స్విచ్ మా దగ్గర, లెక్క మీ దగ్గర.

పలాస_జీడిలోడ్: బ్యాటరీతో నడిచే పార్కింగ్ ఏసీ ఉంది కదా, ఇంజిన్ ఆపి వేసుకోవచ్చు.

గరివిడి_మెకానిక్: దానికి వేరే బ్యాటరీలు పెట్టాలి. స్టార్టింగ్ బ్యాటరీకే కలిపితే తెల్లారి బండి లేవదు.

టెక్కలి_ఓనర్: ఆ ఖర్చూ నాదే. లైన్లో పడి ఉన్నందుకు లోడు పార్టీ రూపాయి ఇవ్వదు, అది ఎవరూ అడగరు.

సాలూరు_ఘాటీ: పార్టీ ఇవ్వలేదని డ్రైవర్ దగ్గర వసూలు చేస్తారా? వెయిటింగ్ గంటలు వేరే రాసి, ఆ డీజిల్ వేరే ఇవ్వండి.

టెక్కలి_ఓనర్: గంటలు రాసేది మీరే కదా. ఎంత రాస్తే అంత ఇవ్వాలా?

సాలూరు_ఘాటీ: జీపీఎస్ పెట్టుకున్నారుగా, అందులో చూసుకోండి.

గరివిడి_మెకానిక్: వాల్వ్ ఎప్పుడు వేయిస్తున్నారు?