వ్యాకులమాత పాత పటం నల్లబడింది, ఇంట్లో తుడవచ్చా?

పెరంబూరు_పటం:
బట్ట మీద వేసిన వ్యాకులమాత పటం, సుమారు రెండడుగుల ఎత్తు. గుండెలో ఏడు కత్తులు. వార్నిష్ గోధుమరంగుకి తిరిగింది, ముసుగు నీలమో ఆకుపచ్చో తేలడం లేదు. కింది అంచున తెల్లగా బూజులా ఉంది, ఒకచోట రంగు పెచ్చు లేచింది. బంగాళదుంప ముక్కతో రుద్ది అవిసెనూనె పూస్తే మెరుస్తుందని ఫ్రేములు కట్టే ఆయన అంటున్నారు. చేయొచ్చా? బ్రిటిష్ కాలం నాటి చేతిపనో, అచ్చు పటమో ఎలా తెలుస్తుంది?

కాన్వాస్_వెనక:
రెండూ వద్దండీ. దుంపలోని పిండి పగుళ్లలో ఉండిపోతుంది, బూజుకి అదే మేత. అవిసెనూనె కొన్నాళ్లు మెరిసి, ఆరాక పసుపెక్కి, దుమ్ము పట్టి గట్టి పొరవుతుంది. దాన్ని తీసే ద్రావకం కింది అసలు రంగునీ లాగేయొచ్చు. తడిగుడ్డా వద్దు. రంగు వేసే ముందు బట్టకు పూసిన జిగురు నీళ్లకు ఉబ్బుతుంది, బట్ట ముడుచుకుంటుంది, పెచ్చులు రాలతాయి.

అచ్చు సంగతికి పదింతలు చూపే భూతద్దంతో ముఖం, చేతులు చూడండి. చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే ఓలియోగ్రాఫ్. 19వ శతాబ్దం చివర్లో యూరప్ నుంచి ఇవి బాగా దిగాయి. కాగితం మీద అచ్చేసి, కుంచె గీతల్లా కనిపించాలని పైన నొక్కి, వార్నిష్ పూసేవారు. ఆ గీతలకు బొమ్మతో పొంతన ఉండదు, ముక్కు మీంచి చెంపలోకి అలాగే సాగిపోతుంటాయి. మేకులు కొట్టిన అంచున కాగితం పొర కూడా దొరుకుతుంది.

పెరంబూరు_పటం:
చుక్కలు లేవు, కాగితమూ లేదు. వెనక కింది చెక్క దగ్గర మాత్రం బట్ట ఉబ్బి ఉంది.

ఎగ్మోర్_పాఠకుడు:
అయితే చేతిపనే అనుకోవచ్చు. ఆ ఉబ్బు సాధారణంగా బట్టకీ కింది చెక్కకీ మధ్య దిగిన దుమ్ము, సున్నం పెళ్లలు, బట్ట బిగువుగా ఉండాలని మూలల్లో దూర్చితే అక్కణ్ణుంచి జారిన చెక్క చీలికలు. వేలితో నొక్కితే ఎదుట రంగు పగులుతుంది. పెచ్చు లేచింది కాబట్టి పటాన్ని బోర్లా పడుకోబెట్టొద్దు. మూలల చీలికలు కొట్టి బట్ట బిగించొద్దు, పెళుసెక్కిన బట్ట మేకుల దగ్గరే చిరుగుతుంది.

గది చీకటి చేసి టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫోటోలు తీయండి. లేచిన పెచ్చులన్నీ నీడలతో తేలతాయి, తర్వాత ఎవరికి చూపించినా ఇవే కావాలి. తెల్లది నూగులా ఉంటే బూజు. నీడలో గాలాడే చోట నిలబెట్టి ఆరనివ్వండి, ఆరకముందు దులిపితే రంగులోకి పూసుకుపోతుంది. నూగు లేకుండా పొగమంచులా ఉంటే అది తేమకు వార్నిష్ పాలిపోవడం, దాన్ని ముట్టుకోకండి.

ముసుగు బహుశా నీలమే. పసుపెక్కిన వార్నిష్ కింద నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. వార్నిష్ తీయడం మాత్రం ఇంటి పని కాదు. బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో ఇంటాక్ (వారసత్వ సంపదను కాపాడే సంస్థ) కళాసంరక్షణ కేంద్రం ఉంది. ఎగ్మోర్ మ్యూజియంలోనూ సంరక్షణ ప్రయోగశాల ఉంది, ముందు అక్కడ సలహా అడగండి. ఏ జిగురు, ఏ వార్నిష్ వాడతారో రాయించుకోవడం మరిచిపోవద్దు.

కాన్వాస్_వెనక:
కాలం గురించి ఒక మాట. ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు పుట్టింది 18వ శతాబ్దం తొలి ఏళ్లలో. అది కనబడితే పటం అంతకంటే పాతది కాదు, అంతే. టైటానియం తెలుపు వాడుకలోకి వచ్చింది 1920 ప్రాంతంలో. అసలు పొరలోనే అది ఉంటే పోర్చుగీసు కాలపు కథలన్నీ మానుకోవచ్చు, పై దిద్దుబాట్లలో ఉంటే లెక్కలోకి రాదు. వందేళ్లు దాటిందని తేలితే 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. విదేశాల్లోని బంధువులకు పంపడం కుదరదు.

మౌంట్‌రోడ్:
చెన్నైలో బయటి గోడకు తగిలించకండి, వానల్లో గోడ చెమ్మంతా వెనక బట్టకే. లోపలి గోడకు, కింది రెండు మూలల్లో కార్కు ముక్కలు పెట్టి, గాలాడేలా వేలాడదీయండి. కొవ్వొత్తి, సాంబ్రాణి మూడడుగుల దూరంలో. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు మళ్లీ వస్తుంది. రాత్రిపూట మాత్రమే ఏసీ వేసే గది అసలొద్దు, తేమ రోజూ ఎక్కి దిగి పెచ్చులు ఇంకా లేస్తాయి. గాజు పెట్టిస్తే రంగుకి తగలకుండా అర సెంటీమీటరైనా ఖాళీ ఉంచమనండి, లేకపోతే తేమకు రంగు గాజుకే అంటుకుంటుంది.